బుల్లి యుద్ధవిమానానికి అసలు రంగు, అసలు గుర్తులు ఎలా వేయాలి?

మిగ్-21 ఏ రంగులో ఉంటుందని ఎవరైనా అడిగితే, ఏ ఏడాది మిగ్ అని ఎదురు అడగాల్సిందే. 1963లో మన వైమానిక దళంలో చేరిన ఆ విమానం 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో వీడ్కోలు తీసుకునేదాకా ఎన్నో వేషాలు మార్చింది. మొదట్లో వచ్చినవి పైన రంగే లేకుండా లోహం మెరుపుతోనే ఎగిరాయి. 1971 యుద్ధం రోజుల్లో చాలావాటికి హడావిడిగా కామఫ్లాజ్ (కంటపడకుండా పరిసరాల్లో కలిసిపోయే మచ్చల రంగు) పూశారు. చివరి దాకా నిలిచిన బైసన్ రకం లేత బూడిద రంగులో కనిపించేది. మూడూ మిగ్-21లే, మూడూ మన రౌండెల్ (వైమానిక దళం గుండ్రటి గుర్తు) వేసుకున్నవే. కాబట్టి మీరు ప్లాస్టిక్ కిట్‌తో కట్టే మోడల్ విమానానికి సరైన రంగు ఏదన్నది రంగు సీసా కొనేటప్పుడు తేలదు. ఏ విమానం, ఏ నంబర్, ఏ కాలం అన్నది మీరు నిర్ణయించుకున్న రోజే తేలుతుంది. మిగతా పనంతా దాని వెంటే నడుస్తుంది.

నల్లగొండలోనో, మహబూబ్‌నగర్‌లోనో, మిర్యాలగూడలోనో కూర్చుని ఈ పని చేసేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. విదేశీ పుస్తకాల్లో చెప్పే పద్ధతులు బాగానే ఉంటాయి. కానీ మే నెలలో మన దగ్గర కాసే ఎండ, బోరు నీళ్లలోని ఉప్పు, గదిలో తిరిగే కూలర్ వాటిలో ఉండవు. తేడా అక్కడే వస్తుంది.

ముందు ఒక్క విమానాన్ని ఎంచుకోండి

కిట్ డబ్బా మీద బొమ్మ బాగుందని దాన్నే నమ్మకండి. లోపలి కాగితంలో ఇచ్చే రంగుల పట్టిక సాధారణంగా ఆ కంపెనీ సొంత సీసాలకు దగ్గరగా కుదిర్చినది. మీకు కావలసింది ఒకే ఒక విమానం, దాని తోక మీదో ముక్కు పక్కనో ఉండే నంబర్. మన వైమానిక దళం నంబర్లలో ముందు వచ్చే అక్షరాలు విమానం రకాన్ని చెబుతాయి. సుఖోయ్-30 ఎంకెఐకి ఎస్‌బి, ఒకరు కూర్చునే మిరాజ్ 2000కి కెఎఫ్, ఇద్దరు కూర్చునేదానికి కెటి, జాగ్వార్‌కి జెఎస్, మిగ్-29కి కెబి, తేజస్‌కి ఎల్ఏ. 2020 సెప్టెంబర్ 10న అంబాలాలో లాంఛనంగా చేరిన రఫేల్‌లలో ఒక సీటువాటికి బిఎస్, రెండు సీట్లవాటికి ఆర్‌బి. ఈ అక్షరాలు తెలిస్తే, ఎవరో రెండు సీట్ల విమానం నంబర్ తెచ్చి ఒక సీటు మోడల్ కోసం అచ్చేసిన డెకాల్ షీట్‌ని (నీళ్లలో నానబెట్టి మోడల్ మీద అతికించే గుర్తుల కాగితాన్ని) చూడగానే పట్టేస్తారు.

నంబర్ పట్టుకుంటే ఫొటోలు వెతకడం సులువు. 2019 ఫిబ్రవరి 27న అభినందన్ వర్ధమాన్ నడిపిన బైసన్‌ని చేయాలనుకున్నారనుకోండి, దాని నంబర్ సియు 2328, అది 51వ స్క్వాడ్రన్‌ది. ఇక మీరు వెతకాల్సింది మిగ్-21 బైసన్ అనే సముద్రంలో కాదు, ఆ ఒక్క నంబర్ దగ్గర. అది దొరక్కపోతే అదే స్క్వాడ్రన్‌లో అదే ఏడాది తీసిన ఇంకో విమానం ఫొటో. అదీ దొరక్కపోతే విమానాన్నే మార్చుకోండి. ఫొటోలు సరిగ్గా దొరికే విమానాన్ని ఎంచుకోవడంలో తప్పేమీ లేదు, సగం టెన్షన్ అక్కడే పోతుంది.

ఫొటోని ఎంతవరకు నమ్మాలి?

సాయంత్రం ఎండలో తీసిన సుఖోయ్ పసుపు తిరిగినట్టు కనిపిస్తుంది, మబ్బు రోజున తీసింది నీలంగా కనిపిస్తుంది. ఫోన్ కెమెరా తనకు తోచినట్టు రంగు పెంచుతుంది. అందుకే ఒక్క ఫొటోతో రంగు తేల్చకండి. వేరువేరు రోజుల్లో, వేరువేరు మనుషులు తీసినవి కొన్ని పక్కపక్కన పెట్టండి. ప్రతి ఫొటోలోనూ రంగు ముందే తెలిసిన వస్తువు ఒకటి ఉంటుంది, అది రౌండెల్‌లోని తెలుపు. ఆ తెలుపు ఫొటోలో పసుపుగా ఉంటే, పక్కనున్న బూడిద రంగులోనూ అంతే పసుపు కలిసి ఉందన్నమాట. ఫోన్‌లోనే ఏదో ఒక ఎడిటింగ్ యాప్‌లో ఆ తెలుపు నిజంగా తెల్లబడేదాకా వైట్ బ్యాలెన్స్ జరపండి. బూడిద రంగు అసలు ముఖం అప్పుడు బయటపడుతుంది. పాత విమానమైతే ఆ తెలుపు కూడా మాసి ఉంటుంది, కొంచెం వదిలేసి చూడాలి.

గేటు ముందు, పార్కులో, కాలేజీ ఆవరణలో దిమ్మె మీద నిలబెట్టిన పాత విమానాలను రంగు కోసం ఆధారంగా తీసుకోకండి. వాటికి ప్రదర్శన కోసం మామూలు పెయింట్ కొట్టి ఉంటారు, రౌండెల్ కొలతలు కూడా చాలాసార్లు చేతికొచ్చినట్టు వేసినవే. ఆకారం, రివెట్లు, చక్రాల గదులు చూడటానికి మాత్రం అవి బంగారం లాంటి అవకాశం. బెంగళూరులోని హెచ్ఏఎల్ మ్యూజియం, ఢిల్లీ పాలంలోని వైమానిక దళ మ్యూజియం, విశాఖ బీచ్‌లోని టియు-142 దగ్గరా ఇదే మాట గుర్తుంచుకోండి.

ఎగిరే విమానాన్ని దగ్గరగా చూడాలంటే యెలహంకలో రెండేళ్లకోసారి జరిగే ఏరో ఇండియాని మించింది లేదు. మహబూబ్‌నగర్ వాళ్లు జడ్చర్లలో 44వ జాతీయ రహదారి ఎక్కితే కర్నూలు, అనంతపురం మీదుగా నేరుగా అటే వెళ్తారు. అక్కడ ఫొటోలు తీసుకోవచ్చు. దుండిగల్, హకీంపేట్ లాంటి ఎయిర్‌ఫోర్స్ స్థావరాల గేట్ల దగ్గర మాత్రం కెమెరా తీయకండి, అది నిషేధం.

రంగుల నంబర్లు చదవడం

అమెరికా విమానాల రంగులకు ఎఫ్‌ఎస్ 595 అనే ప్రమాణం ఉంది. 2017లో దాని స్థానంలో ఎస్ఏఈ ప్రమాణం వచ్చినా నంబర్లు అవే నడుస్తున్నాయి, మోడల్ కట్టేవాళ్లంతా ఎఫ్‌ఎస్ అనే అంటారు. ఐదంకెల నంబర్ చూసి భయపడనక్కర్లేదు. మొదటి అంకె మెరుపు సంగతి చెబుతుంది: 1 అంటే నిగనిగ, 2 అంటే సగం మెరుపు, 3 అంటే మ్యాట్. రెండో అంకె రంగు కుటుంబం: 0 గోధుమ, 1 ఎరుపు, 2 నారింజ, 3 పసుపు, 4 ఆకుపచ్చ, 5 నీలం, 6 బూడిద. చివరి మూడంకెలు పెరిగేకొద్దీ రంగు లేతబడుతుంది. అంటే 36118 ముదురు మ్యాట్ బూడిద, 36375 లేత మ్యాట్ బూడిద. సీసా చూడకుండానే ఇంత తెలుస్తుంది.

ఎఫ్-16కి ఎక్కువగా కనిపించే మూడు బూడిదలు 36118, 36270, 36375. ఎఫ్/ఎ-18కి పైన 36320, కింద 36375. వియత్నాం కాలం ఫాంటమ్‌కి 30219 మట్టి రంగు, 34102, 34079 రెండు ఆకుపచ్చలు, అడుగున 36622. మిస్టర్ కలర్ అనే మోడల్ రంగుల బ్రాండ్ సీసాల్లో 305 నుంచి 308 దాకా ఉన్న నాలుగూ వరుసగా 36118, 36270, 36320, 36375. ఈ నాలుగు సీసాలు ఇంట్లో ఉంటే అమెరికా జెట్లలో సగం పని అయిపోతుంది.

మన దగ్గరికి బ్రిటన్ నుంచి వచ్చిన విమానాలకు బ్రిటిష్ స్టాండర్డ్ 381సి చూడాలి. 1957 నుంచి మనకొచ్చిన హంటర్లు మొదట్లో పైన డార్క్ గ్రీన్ 641, డార్క్ సీ గ్రే 638, అడుగున వెండి రంగుతో ఉండేవి. మిస్టర్ కలర్‌లో 330, 331 ఇవే. రష్యా విమానాల దగ్గరికొస్తే ఇలాంటి చేతికందే పట్టిక లేదు. కంపెనీలు అమ్మే ‘మిగ్ గ్రే’, ‘సుఖోయ్ బ్లూ గ్రే’ సీసాలన్నీ ఎవరో ఒకరి అంచనాలే. వాటిని మొదటి మెట్టుగా వాడుకుని, మీ ఫొటోల పక్కన పెట్టి సరిచేసుకోవాలి.

స్పూన్ మీద పరీక్ష, సరైన వెలుతురు

మొత్తం పనిలో అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చే మెట్టు ఇదే, ఎక్కువమంది దాటేసే మెట్టు కూడా ఇదే. తెల్లటి ప్లాస్టిక్ స్పూన్లు ఒక ప్యాకెట్ తెచ్చుకోండి. స్పూన్ వీపు వైపు వంపు విమానం ఒంటికి దగ్గరగా ఉంటుంది. మోడల్‌కి ఏ ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత) వేయబోతున్నారో స్పూన్‌కీ అదే వేయండి, తర్వాత రంగు, తర్వాత చివర్లో వేయబోయే వార్నిష్. ఇవేవీ వదలకూడదు. నల్ల ప్రైమర్ మీద, తెల్ల ప్రైమర్ మీద ఒకే బూడిద రెండు రకాలుగా కనిపిస్తుంది. మెరుపు వార్నిష్ వేస్తే రంగు ముదురుతుంది, మ్యాట్ వేస్తే లేతబడుతుంది. నీళ్లలో కరిగే అక్రిలిక్ ఆరేకొద్దీ కొంచెం ముదురుతుంది. తడి రంగుని చూసి ఇదే అని తేల్చేస్తే రేపు పొద్దున వేరే రంగు కనిపిస్తుంది.

స్పూన్‌ని ఎక్కడ పెట్టి చూస్తారన్నది ఇంకో సంగతి. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి పసుపు బల్బు కింద కలిపిన బూడిద తెల్లారి వాకిట్లో చూస్తే ఆకుపచ్చగానో ఊదాగానో తేలుతుంది. రెండు రంగులు ఒక దీపం కింద ఒకేలా కనిపించి, ఇంకో దీపం కింద విడిపోవడం పెయింట్ల స్వభావమే. పరిష్కారం ఖరీదైనదేమీ కాదు. డబ్బా మీద 6500కె (పగటి వెలుగు లాంటి తెలుపు) అని, సిఆర్ఐ (రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే కొలత) 90 పైన అని రాసి ఉన్న ఎల్ఈడీ బల్బు ఒకటి కొని పని బల్ల మీద పెట్టుకోండి. తుది నిర్ణయం మాత్రం పొద్దున ఉత్తరం వైపు కిటికీ దగ్గర తీసుకోండి. నిట్టనిలువు ఎండలో పెట్టి చూడకండి, మన మిట్టమధ్యాహ్నపు వెలుగులో ఏ బూడిదైనా వెలిసినట్టే ఉంటుంది.

ఇప్పుడు స్కేల్ సంగతి. 1/72 మోడల్‌ని, అంటే అసలు విమానంలో 72వ వంతు ఉన్నదాన్ని, ముప్పై సెంటీమీటర్ల దూరం నుంచి చూడటమంటే అసలు విమానాన్ని ఇరవై ఒకటిన్నర మీటర్ల దూరం నుంచి చూడటం. అంత దూరంలో గాలి, వెలుతురు కలిసి రంగుని కాస్త పల్చబరుస్తాయి. అందుకే అసలు విమానం రంగునే తెచ్చి మోడల్‌కి పూస్తే బరువుగా, ముదురుగా అనిపిస్తుంది. చాలామంది పాటించే లెక్క 1/72కి సుమారు 15 శాతం, 1/48కి 10 శాతం, 1/32కి 7 శాతం తెలుపు కలపడం. ఇది శాసనం కాదు. 36375 లాంటి లేత రంగులకు నేనైతే దాదాపు ఏమీ కలపను, ముదురు ఆకుపచ్చలకు మాత్రం తప్పక కలుపుతాను. ఎరుపుకి తెలుపు కలిపితే గులాబీ అవుతుంది కాబట్టి కొంచెం నారింజ కలపండి. ఆకుపచ్చకి లేత పసుపు మట్టి రంగు బాగుంటుంది. టైర్లకు అచ్చ నలుపు వద్దు, టామియా ఎక్స్‌ఎఫ్-85 రబ్బర్ బ్లాక్ లాంటి ముదురు బూడిద చాలు.

మెడికల్ షాపులో దొరికే సూది లేని సిరంజితో కొలిచి కలపండి. కలిపిన పాళ్లు స్పూన్ కాడ మీద మార్కర్‌తో రాయండి. నంబర్ లేని స్పూన్ ఎంత అందంగా ఉన్నా మళ్లీ చేయలేరు.

మన ఎండ, మన వాన, మన కూలర్

ఎయిర్‌బ్రష్ (గాలి ఒత్తిడితో రంగు చిమ్మే చిన్న పరికరం) ఉంటే మంచిది. 0.3 మిల్లీమీటర్ల నాజిల్, 15 నుంచి 20 పిఎస్ఐ ఒత్తిడి, పాలంత పల్చగా కలిపిన రంగు, ఇవి మొదలుపెట్టడానికి సరిపోతాయి. బ్రష్‌తోనే వేసేవాళ్లు వల్లెజో లాంటి నీటి అక్రిలిక్‌ని పల్చటి పూతలుగా, ఒకటి పూర్తిగా ఆరాక ఇంకొకటి వేయాలి. స్టేషనరీ షాపుల్లో దొరికే గుడ్డల పెయింట్లు, పోస్టర్ కలర్లు విమానం ఒంటికి వద్దు. వాటి రేణువులు ముతకగా ఉండి ప్యానెల్ లైన్లను (విమానం రేకుల అతుకులను చూపే సన్న గీతలను) పూడ్చేస్తాయి. కార్ల పెయింట్ షాపులో అమ్మే ఎన్‌సి థిన్నర్‌ని ఎయిర్‌బ్రష్ కడగడానికి వాడుకోండి. మోడల్ మీద నేరుగా తగిలితే ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది, జాగ్రత్త.

ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండ గాలి ఎంత పొడిగా ఉంటుందో తెలిసిందే. అక్రిలిక్ నాజిల్ మొన మీదే ఆరిపోతుంది, లేదా గాల్లోనే పొడిగా మారి మోడల్ మీద గరుకుగా పడుతుంది. అప్పుడు పొద్దున ఏడు లోపే స్ప్రే చేయండి, రంగులో రిటార్డర్ (రంగు ఆరడాన్ని నెమ్మదింపజేసే ద్రవం) రెండు చుక్కలు వేయండి, మోడల్‌కి కాస్త దగ్గరగా పట్టుకోండి. సీలింగ్ ఫ్యాన్ ఆపాలి, దుమ్ము కోసమే కాదు, ఆరే వేగం కోసం కూడా.

చాలామంది ఫ్యాన్ ఆపి, ఉక్కపోతకి కూలర్ ఆన్ చేస్తారు. అది ఇంకా చేటు. నీళ్ల కూలర్ గదిలో తేమని అమాంతం పెంచుతుంది. తేమ ఎక్కువున్న గాలిలో లాకర్ (ఘాటైన థిన్నర్‌తో కలిపే రకం) పెయింట్, లాకర్ వార్నిష్ ఆరేటప్పుడు పైన తెల్లటి పొగ పట్టినట్టు అవుతుంది. మ్యాట్ వార్నిష్‌కి ఇది మరీ ఎక్కువ. జూలై, ఆగస్టుల్లో వాన ముసురు పట్టిన రోజుల్లోనూ ఇదే జరుగుతుంది. ఆ రోజుల్లో కాక్‌పిట్, చక్రాలు, క్షిపణులు లాంటి చిన్న పనులు బ్రష్‌తో చేసుకోండి. పెద్ద పూతలు వాన తెరిపిచ్చిన మధ్యాహ్నానికి వాయిదా వేయండి.

లాకర్ల ఆవిరి మంచిది కాదు. రసాయన ఆవిరిని ఆపే కార్ట్రిడ్జ్ మాస్క్ పెట్టుకోండి, బట్ట మాస్క్ సరిపోదు. వంటింటి పక్కన, వెలుగుతున్న స్టవ్ ఉన్నచోట స్ప్రే చేయొద్దు.

కామఫ్లాజ్ అంచు

రెండు రంగులు కలిసేచోట అంచు గట్టిగా ఉండాలా, మెత్తగా ఉండాలా? ఫొటో దగ్గరగా చూసి తేల్చుకోండి. మెత్తటి అంచు అయినా అసలు విమానం మీద స్ప్రే గన్ పొగ ఐదు సెంటీమీటర్ల వెడల్పు ఉందనుకుంటే 1/72లో అది 0.7 మిల్లీమీటర్లే. చేత్తో స్వేచ్ఛగా స్ప్రే చేస్తే ఐదారు మిల్లీమీటర్ల మబ్బు వస్తుంది, ఆ లెక్కన అసలు విమానం మీద అడుగు పైనే. చూడగానే బొమ్మలా అనిపించడానికి పెద్ద కారణం ఇదే. కిట్ కాగితంలోని నాలుగు వైపుల బొమ్మని మోడల్ సైజుకి జిరాక్స్ తీయించి, మచ్చల ఆకారాలు కత్తిరించి, వాటి కింద బ్లూ ట్యాక్ (అంటుకునే మెత్తటి ముద్ద) ఉండలు పెట్టి మోడల్‌కి ఒక మిల్లీమీటర్ ఎత్తులో నిలపండి. నిటారుగా స్ప్రే చేయండి, వాలుగా కాదు. సన్నటి మెత్తటి అంచు దానంతట అదే వస్తుంది.

1971 నాటి మిగ్‌లకు హడావిడిగా పూసిన కామఫ్లాజ్‌లో ఈ చక్కదనం ఉండదు. అక్కడ బ్రష్ గీతలు, తేడా పూతలు కనిపించడమే సరైనది, కాబట్టి మాస్క్ మానేసి సన్నటి బ్రష్‌తోనే వేయండి.

వెండి మిగ్ చేయాలంటే

తొలి మిగ్‌ల లోహపు ఒళ్లు చేయడం కొంచెం ఓపిక పని. లోహపు రంగు కింద ఉన్న ప్రతి గీతనీ చూపిస్తుంది. అందుకని ముందు ఒంటిని సన్న నీటి ఎమ్రీతో నునుపు చేయండి, నల్లటి మెరుపు బేస్ వేసి ఒక రోజంతా ఆరనివ్వండి, ఆ పైన ఆల్‌క్లాడ్ లాంటి లోహపు లాకర్ పల్చగా వేయండి. ఒంటి మొత్తానికి ఒకే వెండి వేస్తే పాత్ర సామాన్లలా మెరుస్తుంది. కొన్ని ప్యానెల్స్‌కి టేప్ వేసి కాస్త ముదురు, కాస్త మసక వెండి వేయాలి. తోక దగ్గర ఇంజిన్ వేడి తగిలేచోట గోధుమ, నీలం కలిసిన కాలిన లోహపు ఛాయ వస్తుంది. ముక్కులోని రాడార్ కోను, తోక కొస మాత్రం లోహం కాదు. రేడియో తరంగాలు దాటాలి కాబట్టి అవి వేరే పదార్థంతో చేసినవి, ఆకుపచ్చ రంగు వేసి ఉంటాయి. చక్రాల మధ్య భాగం కూడా రష్యా అలవాటు ప్రకారం కొట్టొచ్చినట్టు కనిపించే ఆకుపచ్చే. ఈ రెండు పచ్చలు వేశారంటే, దూరం నుంచే అది మిగ్ అని తెలుస్తుంది.

రౌండెల్, తోక మీది జెండా, నంబర్లు

మన వైమానిక దళం రౌండెల్‌లో మధ్యలో కాషాయం, తర్వాత తెలుపు, బయట ఆకుపచ్చ. చాలా విదేశీ డెకాల్ షీట్లలో కాషాయం నారింజగానో ఎర్రగానో అచ్చవుతుంది. షీట్ కొనేముందు ఫొటో పెద్దది చేసి ఇదొక్కటి చూడండి. ఎండకు వెలిసిన విమానం మీద కాషాయం లేత పీచ్ వైపు వెళ్తుందే తప్ప ఎరుపు వైపు వెళ్లదు. తోక మీది నిలువు చారల్లో కాషాయం ఎప్పుడూ ముక్కు వైపు ఉండాలి. అంటే ఎడమ వైపు తోకకు ఎడమన కాషాయం, కుడి వైపు తోకకు కుడిన కాషాయం. రెండు వైపులా ఒకేలా అతికిస్తే ఒకటి ముందువెనకలైనట్టే.

డెకాల్ వేసేముందు ఒళ్లంతా మెరుపు వార్నిష్ వేసి ఉండాలి. మ్యాట్ ఉపరితలం గరుకుగా ఉండటంతో డెకాల్ కింద గాలి చిక్కుకుని, ఆరాక వెండిలా మెరుస్తుంది. అలాంటి డెకాల్ చుట్టూ పారదర్శక అంచు కనబడిందంటే ఎంత మంచి రంగు వేసినా వృథా.

నీళ్లు ఇక్కడ అసలు సమస్య. మన జిల్లాల బోరు నీళ్లు ఎంత కఠినమో బకెట్ అంచున పట్టే తెల్లటి పొర చెబుతుంది. ఆ నీళ్లలో నానిన డెకాల్ ఆరాక ముదురు రంగు మీద దాని చుట్టూ సున్నపు మరక మిగులుతుంది, వార్నిష్ పడిందంటే మరక లోపలే ఉండిపోతుంది. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ ఒక క్యాన్ తెచ్చుకుంటే ఏళ్ల తరబడి వస్తుంది. డెకాల్‌ని పది సెకన్లు ముంచి, తీసి టిష్యూ మీద పెట్టండి. కాగితం మీద దానంతట అది కదిలేదాకా ఆగండి. మోడల్ మీద మైక్రో సెట్ (డెకాల్ బాగా అంటుకోవడానికి వాడే ద్రవం) ఒక చుక్క రాసి, డెకాల్ జార్చి, సరిచేసి, తడి కాటన్ బడ్‌తో మధ్య నుంచి బయటికి నొక్కండి. ఆ తర్వాత డెకాల్‌ని మెత్తబరిచే మైక్రో సోల్ రాయండి. డెకాల్ ముడతలు పడి భయపెడుతుంది, వేలు పెట్టకండి. ఆరేసరికి ముడత విడిచి ప్యానెల్ లైన్లలోకి దిగుతుంది.

పాత కిట్‌లో డెకాల్ పొర పసుపు పచ్చబడి ఉంటే, షీట్‌ని జిప్ కవర్‌లో పెట్టి ఎండ తగిలే కిటికీ అద్దానికి కొన్ని రోజులు అతికించండి. పసుపు చాలావరకు పోతుంది, ఈ పనికి మన ఎండ ఎంతో అనుకూలం. పగుళ్లు పట్టే అనుమానం ఉంటే ముందు అక్కర్లేని ఒక గుర్తుని నానబెట్టి చూడండి. విరిగిపోతే షీట్ మొత్తం మీద మెరుపు లాకర్ ఒక పూత వేసి వాడుకోవచ్చు.

మీకు కావలసిన నంబర్ ఏ షీట్‌లోనూ దొరకదనుకోండి. ఇక్కడే మన ఊళ్లలోని రేడియం స్టిక్కర్ షాపు పనికొస్తుంది. బండి నంబర్ ప్లేట్లు కోసే ఆ ప్లాటర్ మెషిన్‌తోనే విమానం నంబర్‌కి మాస్క్ కోయించుకోవచ్చు. ముందు ఇంట్లో కంప్యూటర్‌లో పక్క నుంచి తీసిన ఫొటో తెరిచి, అందులోని తోక ఎత్తు మీ కిట్ తోక ఎత్తుకి మిల్లీమీటర్లలో సమానమయ్యేదాకా సైజు మార్చండి. నంబర్ కూడా దానితోపాటు సరైన సైజుకి వచ్చేస్తుంది, వేరే లెక్కలు అక్కర్లేదు. ఆ అంకెల మీద గీతలు గీసి, వెక్టార్ ఫైల్‌గా పెన్ డ్రైవ్‌లో తీసుకెళ్లండి. ఫాంట్‌లోంచి అంకెలు తీసుకోవద్దు, మన వైమానిక దళం అంకెల వంపులు కంప్యూటర్ ఫాంట్లకు సరిపోవు. “అన్నా, అక్షరం కాదు, అక్షరం చుట్టూ ఉన్న ఖాళీ కావాలె” అని షాపతనికి ముందే చెప్పండి. లేకపోతే అలవాటు ప్రకారం చుట్టూ ఉన్నది పీకేసి అక్షరాలు చేతిలో పెడతారు. పల్చటి వినైల్ అడగండి, మెరిసే రిఫ్లెక్టివ్ రేడియం మందంగా ఉండి అంచుల దగ్గర రంగు గట్టు కడుతుంది. వినైల్ జిగురు బలంగా ఉంటుంది కాబట్టి రెండు మూడుసార్లు అరచేతికి అంటించి తీసి, తర్వాత మోడల్‌కి అంటించండి. ముందు ఒంటి రంగునే మాస్క్ మీద ఒకసారి పల్చగా స్ప్రే చేయండి, అంచుల కింద సందులుంటే అవి మూసుకుంటాయి. అది ఆరాక నంబర్ రంగు. చాలా చిన్న అక్షరాలు ప్లాటర్‌లో చిరిగిపోతాయి, వాటికి డెకాల్ తప్పదు.

ఇంట్లో ఇంక్‌జెట్‌తో డెకాల్ పేపర్ మీద ప్రింట్ తీసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ప్రింటర్‌లో తెల్ల సిరా ఉండదు. పారదర్శక పేపర్ మీద తీసిన కాషాయం బూడిద ఒంటి మీద వేస్తే మురికి గోధుమగా కనిపిస్తుంది. రౌండెల్ వేసేచోట ముందే మాస్క్‌తో తెల్లటి గుండ్రం స్ప్రే చేసి, దాని మీద డెకాల్ వేయండి. ప్రింట్ మీద లాకర్ వార్నిష్ వేయకుండా నీళ్లలో ముంచితే సిరా కరిగిపోతుంది.

చివరి పూతలు

డెకాల్స్ ఆరిన మర్నాడు మోడల్‌ని డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన మెత్తటి బట్టతో తుడిచి, జిగురు మరకలు పోయాక ఇంకో మెరుపు వార్నిష్ వేయండి. ప్యానెల్ లైన్లలోకి పల్చటి ముదురు బూడిద ఎనామెల్ వాష్ (గీతల్లోకి దిగేలా బాగా పల్చన చేసిన రంగు) దింపి, మిగిలింది గాలి ప్రవాహం దిశలో, అంటే ముక్కు నుంచి తోక వైపు తుడవండి. లైన్లలో అచ్చ నలుపు నింపి చదరంగం బల్లలా చేయకండి. శుభ్రంగా ఉంచే విమానం ఫొటోలో లైన్లు కనిపించీ కనిపించనట్టు ఉంటాయి. మరకలు, చమురు చారలు మీ ఫొటోలో ఎక్కడ ఉంటే అక్కడే వేయండి. ప్రదర్శన బృందం విమానాలు మరీ శుభ్రంగా ఉంటాయి. సూర్యకిరణ్ హాక్ చేస్తుంటే వాష్ దాదాపు మానేసి, ఎరుపు, తెలుపు మీద మెరుపు వార్నిష్‌తోనే ముగించండి. ఎర్ర రంగు కింద గులాబీ ప్రైమర్ వేస్తే తక్కువ పూతలతో కళ వస్తుంది.

మ్యాట్ లేదా శాటిన్ వార్నిష్ చివరి పూత. కూలర్ ఆపి, తేమ లేని రోజున వేయండి. కాక్‌పిట్ గాజు మూత, దీపాలు, చక్రాల మెరుపు భాగాలు దీని తర్వాతే అతికించండి.

పూర్తయిన మోడల్‌ని ఉంచే పెట్టె విషయంలో ఖర్చుకి వెనకాడకండి. పడమటి కిటికీ ఎండ నేరుగా పడేచోట కాషాయం, ఎరుపు అన్నిటికన్నా ముందు వెలుస్తాయి. యాక్రిలిక్ పెట్టెలో, ఎండ తగలని గోడకి పెట్టండి. విమానం నంబర్, ఏడాది, వాడిన సీసాల నంబర్లు, కలిపిన పాళ్లు ఒక చిన్న కాగితం మీద రాసి బేస్ కింద అతికించండి. ఎప్పుడైనా రెక్క అంచు చిట్లి రంగు దిద్దాల్సి వస్తే ఆ పాళ్లే కావాలి.